కట్టెలు చీల్చే గొడ్డలి: ఎంపిక, కామ, పదును

గ్యాస్ బండ ఇంటింటికీ వచ్చిన తరువాత కూడా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో కట్టెల అవసరం తీరిపోలేదు. పెరట్లో నీళ్లు కాచే పొయ్యికి, పెళ్లిళ్ల వంటలకు, సంక్రాంతి పిండివంటల బాండీ ఎక్కించే పెద్ద పొయ్యికి ఇప్పటికీ కట్టెలే వాడుతున్నాము. అయితే ఆ కట్టెలను చీల్చడానికి చాలా ఇళ్లలో చెట్టు నరికే గొడ్డలినే వాడుతున్నారు. పని జరగకపోదు గాని శ్రమ రెట్టింపవుతుంది, గొడ్డలి తరచు మొద్దులో ఇరుక్కుంటుంది, దానిని పీకే తొందరలో కామ, అంటే గొడ్డలి పిడి కర్ర, విరుగుతుంది. చీల్చడానికి వేరే గొడ్డలి ఉండాలని, దానిని ఎంచుకునేటప్పుడు పదును కన్నా ముందు ప్రక్కల వాలును, కామ దూర్చే బెజ్జాన్ని, కామను చూడాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నరకడం అంటే కర్ర నారను అడ్డంగా తెంచడం, చీల్చడం అంటే నారను నార నుంచి విడదీయడం. మొదటి పనికి పలుచని, పదునైన అంచు కావాలి. రెండవ పనిలో అంచు అవసరం మొదటి అంగుళం దిగేవరకే. ఆ తరువాత మొద్దును రెండుగా తోసేది అంచు వెనుక క్రమంగా మందమయ్యే రెండు ప్రక్కలు. పలుచని గొడ్డలి లోతుగా దిగుతుంది, కానీ తోయలేదు కాబట్టి అక్కడే బిగుసుకుపోతుంది. చీల్చే గొడ్డలి తల పైనుంచి చూస్తే, ఒక కొస సన్నగా, మరో కొస మందంగా ఉండే చీలలాగా ఉంటుంది. వెనుక భాగం సమ్మెట ముఖంలాగా చదునుగా ఉండి, ఉక్కు చీలలను కొట్టడానికి కూడా పనికివస్తుంది. పట్టణాలలోని ఇనుప సామాన్ల దుకాణాలలో దీనిని స్ప్లిటింగ్ మాల్ అని అడిగితే చూపిస్తారు. వీటి తలలు సాధారణంగా 2.7 కిలోల నుంచి 3.6 కిలోల వరకు ఉంటాయి. ఇదే ఆకారంలో 2 కిలోల లోపు బరువుతో, సమ్మెట ముఖం లేకుండా వచ్చే తేలిక గొడ్డళ్లు కూడా ఉన్నాయి.

ఏది కొనాలన్నది మీరు ఏ కర్ర చీలుస్తారన్న దానిని బట్టి నిర్ణయించుకోవాలి. తీరం వెంబడి ఇసుక నేలల్లో పెంచే సరుగుడును నాలుగైదేళ్లకే కొట్టేస్తారు కాబట్టి, దాని మాను చాలావరకు జానెడు మందం కూడా దాటదు. పచ్చిగా ఉన్నప్పుడు అది నిట్టనిలువుగా చీలుతుంది. ఇంట్లో ఎక్కువగా సరుగుడే వాడేవారికి 2 కిలోల లోపు తేలిక గొడ్డలి చాలు, బరువైనది కొని భుజాలు నొప్పి పెట్టుకోవలసిన పనిలేదు. మామిడి, పనస, జీడిమామిడి మొద్దుల సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, వాటితోపాటు ఇళ్ల చుట్టూ ఉన్న పెద్ద చెట్లు కూడా పడిపోయాయి. అటువంటి లావు మొద్దులకు, ముఖ్యంగా నేలకు తక్కువ ఎత్తులోనే కొమ్మలు వేసి ముడులు పడే జీడి మాను వంటి వాటికి, బరువైన గొడ్డలితోపాటు కనీసం రెండు ఉక్కు చీలలు ఉండాలి. నీలగిరి కర్రను పచ్చిగా ఉండగానే చీల్చుకోవడం మంచిది, ఎండిన కొద్దీ అది మొండికేస్తుంది. చింత నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది కనుక గొడ్డలికి అంత సులభంగా లొంగదు. మాంసం కొట్టే మొద్దుకు చింతను ఎంచుకోవడానికి కారణం కూడా అదే. కొబ్బరి, తాటి మానులకు ఈ గొడ్డలి అసలు సరిపడదు. వాటిలో మధ్య నుంచి అంచుకు పగుళ్లు పారే నిర్మాణం లేదు, పీచు కట్టలు మాత్రమే ఉంటాయి. దెబ్బ కొడితే తల పీచులో కూరుకుపోతుందే తప్ప మాను విడివడదు. వాటిని రంపంతో కోయించడమే నయం.

బరువు ఎక్కువైతే దెబ్బ బలంగా పడుతుందన్న మాట సగమే నిజం. దెబ్బలోని శక్తి బరువుతోపాటు పెరుగుతుంది, కానీ వేగం పెరిగితే దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 3.6 కిలోల తలను ఎత్తడానికే ఆయాసపడే మనిషి 2.7 కిలోల తలను 20 శాతం ఎక్కువ వేగంతో దింపగలిగితే, ఆ తేలిక గొడ్డలి దెబ్బే బలమైనది అవుతుంది. దీనికి తోడు, అలసిన చేతులతో బరువైన గొడ్డలి గురి తప్పుతుంది, గురి తప్పిన దెబ్బ తల మీద కాక కామ మీద పడుతుంది. అందుచేత దుకాణంలో గొడ్డలిని ఒకసారి ఎత్తి చూసి సరిపెట్టుకోకుండా, అది మీ తల కన్నా పైకి వచ్చేంత వరకు నెమ్మదిగా పది పదిహేను సార్లు ఎత్తి దించండి. చివరి సారి కూడా గొడ్డలి తల ఊగకుండా నిలబడితే ఆ బరువు మీకు తగినదే. ఇంట్లో ఆడవారు కూడా కట్టెలు కొడతారు కాబట్టి ఒక్క గొడ్డలే కొనేటట్లయితే ఇద్దరిలో తక్కువ బలం ఉన్నవారికి సరిపడేదే తీసుకోవాలని నా అభిప్రాయం.

దుకాణంలో కొనే తలకు, ఊరి కమ్మరి చేత చేయించే తలకు చూడవలసినవి దాదాపు ఒకటే. అంచును కళ్లకు ఎదురుగా పట్టుకుని బెజ్జం వైపు చూడండి. మందం రెండు ప్రక్కలా సమానంగా పెరగాలి. ఒక ప్రక్క వాలు ఎక్కువైతే గొడ్డలి తిన్నగా దిగక ప్రక్కకు జారుతుంది. తరువాత బెజ్జంలో వేలు పెట్టి లోపలి గోడను తడమండి. మంచి బెజ్జం కోలగా ఉంటుంది, నడుమ కొద్దిగా ఇరుకై, పైకి వచ్చేసరికి మళ్లీ విశాలమవుతుంది. ఆ పైవిశాలంలోనే చీల కొట్టినప్పుడు కామ తల ఉబ్బి పట్టు దొరుకుతుంది. గుండ్రని బెజ్జమైతే తల కామ మీద గిర్రున తిరిగే ప్రమాదం ఉంది, చిన్న గొడ్డళ్లలో సర్దుకోవచ్చు గాని ఇంత బరువు తలకు అది తగదు. బెజ్జం గోడ ఒకవైపు పలుచగా, మరొకవైపు మందంగా ఉన్నా వదిలివేయాలి. చివరిగా, తలను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి వినండి. పగులు లేని ఉక్కు కొంతసేపు మోగుతుంది, పగులు ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

కమ్మరి దగ్గర చేయించుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది, మీకు కావలసిన బరువును, వాలును చెప్పి చేయించుకోవచ్చు. పాత లారీ కమాను పట్టీలు మంచి ఉక్కే గాని, ఒక్క పట్టీ మందం చీల్చే గొడ్డలికి చాలదు. పట్టీలు ఒకదానిపై ఒకటి అతికితే ఆ అతుకు పూర్తిగా కలిసిందో లేదో చూడాలి, లేదా మందమైన ఇరుసు ముక్కతో చేయమనాలి. అంచు నుంచి రెండు అంగుళాల మేర మాత్రమే గట్టిపరచి, వెనుక సమ్మెట ముఖాన్ని కొంత మెత్తగానే ఉంచమని స్పష్టంగా చెప్పండి. వెనుక కూడా గట్టిపడితే ఉక్కు చీల మీద కొట్టినప్పుడు పెళ్లలు ఎగిరి కంటికి తగులుతాయి. అంచు గట్టితనాన్ని ఆకురాయితో పరీక్షించవచ్చు. ఆకురాయి అంచు మీద కొద్దిగా పట్టి పొడి రాల్చాలి. అసలు పట్టకుండా గాజు మీదలాగా జారిపోతే అంచు పెళుసు, ముక్కలు ఊడుతుంది. సులువుగా కోసుకుపోతే అంచు మెత్తన, మడతపడుతుంది.

ఇక కామ. గొడ్డలికి ఆయుష్షు, మనిషికి భద్రత రెండూ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. చెరువు గట్ల మీద పెరిగే నల్లతుమ్మ చేవ కర్ర, కొండ ప్రాంతాలలో దొరికే చిరుమాను కర్ర దెబ్బ అదురును బాగా ఓర్చుకుంటాయి, బండ్లకు, పనిముట్లకు తరతరాలుగా వాడుతున్నవి కూడా అవే. టేకు చూడడానికి ఎంత బాగున్నా అదురును ఓర్చుకోదు, ద్వారబంధానికి మంచిదైన కర్ర గొడ్డలి కామకు మంచిది కానవసరం లేదు. సరుగుడు బలమైనదే అయినా ఎండేటప్పుడు పగుళ్లు తీస్తుంది.

ఏ కర్రయినా రంపంతో కోసిన పలక నుంచి కాక, చీల్చిన ముక్క నుంచి కామ చెక్కించుకోండి. రంపం నారను లెక్కచేయకుండా తిన్నగా కోసుకుపోతుంది. అందువల్ల పైకి నిటారుగా కనిపించే కామలో నార ఏటవాలుగా పారి, మధ్యలోనే ప్రక్కకు బయటపడి ఉండవచ్చు. కామ అక్కడే విరుగుతుంది. చీల్చిన ముక్కలో చీలిక నార వెంబడే నడుస్తుంది కాబట్టి ఈ దోషం ముందే తెలిసిపోతుంది. అడితిలో సిద్ధంగా ఉన్న కామను కొనవలసివస్తే వెలుతురులో పట్టుకుని ప్రక్కల మీది నార గీతలను వేలితో అనుసరించండి. అవి కింది చివర నుంచి పై చివర దాకా తెగకుండా సాగాలి. ముడి ఉన్నదానిని, ముఖ్యంగా తలకు జానెడు దూరంలో ముడి ఉన్నదానిని తీసుకోకూడదు. పచ్చి ముక్కను తెచ్చుకుంటే రెండు కొసలకూ పేడ గాని రంగు గాని పూసి, నీడలో కొన్ని నెలలు ఆరనివ్వాలి. కొసల నుంచి తేమ తొందరగా పోవడం వల్లనే పగుళ్లు పుడతాయి, పూత ఆ వేగాన్ని తగ్గిస్తుంది.

కామ పొడవు 80 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే నేల మీద నిలబెడితే దాదాపు తుంటి ఎత్తు ఉండాలి. పొట్టి కామ తేలికగా అనిపిస్తుంది, కానీ దెబ్బ తప్పినప్పుడు పొడవు కామ ఉన్న గొడ్డలి నేలలో దిగితే, పొట్టి కామ ఉన్నది మోకాలి కింది ఎముక మీదికి వస్తుంది. పట్టుకుంటే వేలికొసలు అరచేతిని తాకీ తాకనట్లుండే లావు సరిపోతుంది. చివర కొద్దిగా ఉబ్బుగా చెక్కిస్తే చెమట చేతిలో నుంచి జారిపోదు. వార్నిష్ పూసిన కామ కొన్నట్లయితే గరుకు కాగితంతో ఆ పూతను తీసివేయండి, అది అరచేతులను బొబ్బలెక్కిస్తుంది. ఫైబర్ కామలకు చెద పట్టదు, వానకు ఉబ్బవు, గురి సరిగా కుదరని కొత్తవారి చేతిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే విరిగితే మన ఊళ్లలో బాగుచేసేవారు దొరకరు.

కామ తొడగడానికి మంచి కాలం ఎండాకాలం. గాలిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు కర్ర బాగా కుంచించుకుని ఉంటుంది, అప్పుడు బిగించిన తల వానలకు ఇంకా బిగుసుకుంటుందే గాని వదులు కాదు. శ్రావణంలో తొడిగిన కామ రోహిణీ కార్తె ఎండలకు తల వదిలేయడం తరచు చూస్తూనే ఉంటాము. తొడిగే ముందు కామ పైకొసలో, కోల బెజ్జం పొడవు వెంబడి, బెజ్జం లోతులో మూడింట రెండు వంతుల మేర రంపంతో గాటు పెట్టండి. తలను కామకు తొడిగి, కామను ఒక చేత్తో నడుమ పట్టుకుని తల కిందికి వేలాడేటట్లు గాలిలో ఉంచి, కామ కింది కొసను చెక్క సుత్తితో కొట్టండి. తల నేలకు ఆనకూడదు. బరువైన తల ఉన్నచోటే నిలిచిపోవడం వల్ల ప్రతి దెబ్బకూ కామ దానిలోకి మరికొంత దిగుతుంది, సుత్తి చప్పుడు బోలుగా ఉన్నది కాస్తా గట్టిపడి, బెజ్జం మొదట్లో సన్నని కర్ర పొరలు చుట్టలుగా లేచి వస్తాయి. ఎక్కడ పొర లేచిందో అక్కడ కర్ర బిగువుగా ఉన్నట్లు. తలను తీసి అక్కడ కొద్దిగా గీరి, మళ్లీ తొడగాలి. ఒక వైపు మాత్రమే పొర లేచి, మరో వైపు సందు కనిపిస్తూ ఉంటే తొందరపడి చీల కొట్టవద్దు. ఆ సందును చీల పూడ్చదు.

చుట్టూ సమానంగా బిగిసిన తరువాత, అంచు గీత కామ కింది కొస నడిమికి ఎదురుగా ఉన్నదా అని ఒక కన్ను మూసి చూడండి. సరిగా ఉంటే గాటులోకి ఎండిన గట్టి కర్ర చీలను దించి, అది ఇక కదలనంత వరకు కొట్టండి. దాని మీద ఏటవాలుగా చిన్న ఇనుప చీల ఒకటి కొట్టడం వాడుక. కామ కొసను బెజ్జం పైన కొన్ని మిల్లీమీటర్లు మిగిల్చి కోయాలి. సమంగా కోసివేస్తే ఉబ్బి పట్టుకునే భాగం పోతుంది.

వదులైన తలను రాత్రంతా నీళ్ల బకెట్లో నానబెట్టడం మన ప్రాంతంలో బాగా పాతుకుపోయిన అలవాటు. దయచేసి మానుకోండి. నానిన కర్ర ఉబ్బుతుంది గాని, ఉబ్బడానికి ఇనుము చోటివ్వదు కాబట్టి దాని కణాలు నలిగిపోతాయి. ఆరిన తరువాత కర్ర ముందుకన్నా సన్నబడి తల ఇంకా వదులవుతుంది. తల ఊగుతూ ఉంటే చీలను మరికొంత దించాలి, అది కుదరకపోతే కొత్త చీల వేయాలి. ఊగుతున్న తలతో ఒక్క దెబ్బ కూడా కొట్టకూడదు.

వాడే విధానం గురించి ముఖ్యమైనవి మాత్రం చెబుతాను. చీల్చవలసిన ముక్కను నేల మీద పెట్టి కొడితే అంచు మట్టిలో, రాళ్లలో పడి పాడవుతుంది. చింత మొద్దు ఒకటి మోకాలి కన్నా తక్కువ ఎత్తులో కోయించి పీటగా వేసుకోండి. దాని మీద పాత బండి టైరు ఒకటి బిగించి, ముక్కను టైరు మధ్య నిలబెడితే చీలిన పేళ్లు చెల్లాచెదురు కావు. ముక్క కోత ముఖం మీద మధ్య నుంచి అంచుకు పారిన సన్నని పగుళ్లు కనిపిస్తాయి, దెబ్బ ఆ పగులు వెంబడే, మీకు దగ్గరగా ఉన్న అంచు వైపు పడాలి. లావు ముక్కను నడిమికి కొట్టకుండా చుట్టూ అంచుల నుంచి పేళ్లుగా తీసుకుంటూ రావాలి. ముడి ఉంటే దానిని తప్పించి పక్కన కొట్టండి. గొడ్డలి దిగే క్షణంలో మోకాళ్లు కొద్దిగా వంచితే కామ నేలకు సమాంతరంగా వస్తుంది, తప్పిన దెబ్బ పీటలోనే ఆగుతుంది. కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. భుజం మీద వేలాడే తువ్వాలు గాని, జారే చీర కొంగు గాని ఉండకూడదు. పిల్లలను ఐదారు మీటర్ల దూరంలో ఉంచాలి. తల ఇరుక్కుంటే కామను అటూ ఇటూ వంచవద్దు, ప్రక్కనే ఉక్కు చీల దించి పగులును తెరవండి. ఇరుక్కున్న గొడ్డలి వెనుక ఇనుప సమ్మెటతో కొట్టడం వల్ల బెజ్జం గోడలు సాగిపోతాయి. ఆ పని చెక్క సుత్తితో చేయవచ్చు.

చీల్చే గొడ్డలికి పదును అక్కరలేదని కొందరంటారు. బొత్తిగా మొద్దుబారిన అంచు ఎండు కర్ర మీద పడి ఎగిరివస్తుంది, కనుక ఆ మాట సరికాదు. క్షవరం చేసేంత పదును అవసరం లేదు గాని, గాట్లు లేని శుభ్రమైన అంచు ఉండాలి. నరికే గొడ్డలి అంచు కోణం 20 నుంచి 25 డిగ్రీలుంటే, దీనికి 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచాలి. తలను బల్లకు బిగించి, ఆకురాయిని అంచు వైపు తోస్తూ మాత్రమే నూరండి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తి తీసుకోవాలి, లేకపోతే ఆకురాయి పళ్లు అరుగుతాయి. చేతికి తోలు చేతితొడుగు తప్పనిసరి. రెండు ప్రక్కలా సమానంగా నూరి, చివరికి సానరాయితో నాలుగైదు సార్లు రుద్దితే చాలు. గ్రైండరు మీద నూరించేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అంచు వేడెక్కి నీలం రంగు తేలితే అక్కడ ఉక్కు గట్టితనం పోయినట్లే, మళ్లీ కొలిమికి పోక తప్పదు. కొద్దిసేపు నూరి నీళ్లలో ముంచుతూ నూరమనండి.

సోంపేట, కవిటి, కళింగపట్నం వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పని ముగిసిన వెంటనే తలను పొడిబట్టతో తుడిచి, కొబ్బరి నూనె గాని, వాడేసిన ఇంజన్ ఆయిల్ గాని పలుచగా రాయండి. కామకు మాత్రం ఆ నూనెలు వద్దు. అవి ఆరవు, జిడ్డు పేరుకుంటుంది. రంగుల దుకాణాలలో లిన్సీడ్ ఆయిల్ పేరుతో దొరికే అవిసె నూనెను గుడ్డతో పట్టించి, పావుగంట తరువాత మిగిలినది తుడిచివేయండి. బెజ్జం పైన కనిపించే కొసకు ఎక్కువగా పట్టించాలి, తేమ లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. ఏటా ఒకసారి, వానలకు ముందు రాస్తే సరిపోతుంది. ఆ నూనె తడిసిన గుడ్డను ఉండగా చుట్టి మూల పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకోగలదు. గుడ్డను విప్పి బయట ఆరవేయండి, లేదా నీళ్లలో ముంచి పారవేయండి.

తల కింద జానెడు మేర కామకు పాత సైకిల్ ట్యూబు బిగించి చుడితే తప్పిన దెబ్బల నుంచి కాపాడుతుంది. అయితే చుట్టు కింద నీరు నిలిచి కర్ర కుళ్లవచ్చు, పగులు పుట్టినా కనిపించదు. కాబట్టి అప్పుడప్పుడు విప్పి చూసుకోవాలి. గొడ్డలిని గోడకు మేకుల మీద ఆనించి ఉంచండి. నేల మీద వదిలితే చెద పడుతుంది, పొయ్యి పైన ఉన్న అటక మీద పెడితే కామ అతిగా ఎండి తల వదులవుతుంది.

ఉక్కు చీలలను తరచు కొడుతూ ఉంటే సమ్మెట ముఖం అంచులు, చీలల తలలు క్రమంగా చుట్టూ మడతపడి రేకుల్లాగా వెలుపలికి వస్తాయి. ఆ రేకులు దెబ్బకు తెగి తూటాల వేగంతో ఎగురుతాయి కనుక, కనిపించిన వెంటనే ఆకురాయితో గాని గ్రైండరుతో గాని అరగదీసి అంచులను ఏటవాలుగా చేయాలి. అంచు ఎన్నిసార్లు నూరినా తల పనికివస్తుంది, కామ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బెజ్జం గోడ మీద పగులు కనిపిస్తే మాత్రం దానిని వెల్డింగుతో అతికించి వాడవద్దు. ఆ తలను కమ్మరికి ఇచ్చి, ఆ ఉక్కుతో చీల్చడానికి పనికివచ్చే రెండు చీలలు చేయించుకోండి.